మిరియం ఏ జాతి

1984 జనవరి 8, ఆదివారం

ఈ పుస్తకం ఎవరి చేతికైనా దొరికితే ముందుగా మన్నించాలి. నా రాత కోడి కెలికినట్టుంటుంది. మా ఊరి బడి అయిదో తరగతితో సరి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. అయినా రాస్తున్నాను. నోటితో చెప్పలేనివాడు ఎక్కడో ఒకచోట కక్కుకోవాలి కదా.

ఈవేళ ఒళ్ళు మండిపోయింది.

పోర్టు ఆఫీసరు గురునాథరావుగారి కాంపౌండులో ఆదివారాలు గుర్రాల పిచ్చి ఉన్నవాళ్ళు చేరతారు. ఆయనకి రెండు స్వారీ గుర్రాలున్నాయి. వాటిని చూసుకునే సైసు అర్జునరావు నా స్నేహితుడు. జాలరిపేట మనిషి, మిలట్రీలో చాలా ఏళ్ళు గుర్రాల దగ్గరే పనిచేసి వచ్చాడు. చుట్టరికం లేదు గాని బావా అంటే బావా అనుకుంటాం. స్టీల్ ప్లాంటు కట్టడానికి వచ్చిన రష్యా ఇంజనీరు ఒకాయన కూడా కూర్మన్నపాలెం వైపు నుంచి జీపులో వస్తాడు. నేను పూర్ణా మార్కెట్ దగ్గర జట్కా తోలేవాణ్ణి. బావ రమ్మంటే వెళ్ళి గోడవార నిలబడి వింటాను. వినడం నాకిష్టం.

గురునాథరావుగారు ఇంగ్లీషు గుర్రాన్ని మించిన జాతి లేదన్నారు. కంచెలు దూకించడమే అసలైన స్వారీ అన్నారు. బావ ఒప్పుకోలేదు. మార్వాడీ గుర్రం చెవుల కొసలు రెండూ తాకుతాయట, దౌడు మీద బల్లెంతో నేలలో మేకు లేపాలంటే అదే కావాలట. రష్యా దొర వాళ్ళ మంచు గురించి చెప్పాడు, గురునాథరావుగారు తెలుగు చేశారు. చక్రాల్లేని బండికి మూడు గుర్రాలు కడతారట. మధ్యది ట్రాట్‌లో పోతుందట, అంటే నడకా కాదు, దౌడూ కాదు. పక్కవి రెండూ దౌడు తీస్తాయట. జర్మనీలో అయితే గుర్రాన్ని ఉన్నచోటనే ఆడిస్తారట. భలే ఉందనుకున్నాను.

అప్పుడు దొర గేటు బయట నా గుర్రాన్ని చూసి, ఇది ఏ జాతి అని అడిగాడు. తెల్లటి ఒంటి మీద నల్ల పొడలు, అందుకే దాన్ని మిరియం అంటాను. దానికి జాతేమిటి, అది జట్కా, అన్నారు గురునాథరావుగారు. అందరూ నవ్వారు. బావ ఇంకా పైకి వెళ్ళి, "గుర్రానికి సవితి కూతురు బాబూ, గాడిదకి అప్పగారు" అన్నాడు.

నా ఇంట్లో పొయ్యి వెలిగించేది అది.  బండెక్కి వచ్చేశాను.

జనవరి 9

నా భార్య దేముడమ్మకి చెప్పాను. "గుర్రాలకి కూడా దేశానికో ఇస్కూలేటి? మరి మనదాన్ని ఏ కలాసులో కూకోబెట్టినారు?" అని పడీపడీ నవ్వింది. ఆవిడ మీదా కోపం వచ్చింది.

జనవరి 24

బావ స్టాండుకి వచ్చాడు. నేను ఉలవలు నానబెట్టుకుంటూ తలెత్తలేదు.

"ఇంకా అలిగే ఉన్నావేటి బావా? నవ్వులాటకన్నాను గాదేటి" అన్నాడు. రష్యాలో బండి కట్టి ట్రాట్‌లో తోలే పందేలున్నాయట, దానికోసం వేరే జాతినే తీశారట. "దొర నీదాని నడక సూత్తానంటన్నాడు. ఈపు మీద ఎక్కితేనే గుర్రమా అని మా అయ్యగారితోటి తగువేసుకున్నాడు. పై ఆదివారం కాక ఆపై ఆదివారం బీచ్ రోడ్డుకి తోలుకురా" అన్నాడు.

ఊఁ అనలేదు. కాని బావ వెళ్ళాక మిరియానికి ఉలవలు గుప్పెడు ఎక్కువ వేశాను.

ఫిబ్రవరి 5, ఆదివారం, తెల్లవారుతూ

ఇరుసుకి ఆముదం పెట్టాను. దేముడమ్మ దాని జూలుకి పసుపు దారం కట్టింది. వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం ఆరు

దీపం పెట్టకుండానే రాస్తున్నాను. అక్షరాలు పోతాయి.

గురునాథరావుగారు ఇంగ్లీషు గుర్రం మీద, నేను జట్కాలో. ట్రాట్ తప్పకూడదని షరతు. ఆయనే ముందు చేరారు. కాని మిరియం ఒక్క అడుగు కూడా తప్పలేదు. దొర చప్పట్లు కొట్టాడు. గురునాథరావుగారు కూడా బాగుంది అన్నారు. దొర దాని ముఖం దగ్గరగా చూస్తానన్నాడు. బావకి హుషారెక్కింది. స్వారీ గుర్రాన్ని పెద్దవాళ్ళకి చూపించేటప్పుడు చేసినట్టే, కళ్ళెం, కళ్ళగంతలు ఒకేసారి లాగేశాడు.

బండి ఇంకా కట్టే ఉంది.

జట్కా గుర్రం గంతల వల్ల తన వెనకున్న బండిని ఎన్నడూ చూడదు. ముందు బండి నొగల కర్రల్లోంచి విప్పాలి, తర్వాతే గంతలు. నేను దిగుతున్నాను. "బావా, ఒగ్గు, లాగకు" అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు. మిరియం తల తిప్పి, అంత పెద్దది ఏదో తనని వెంబడించి మీద పడుతోందనుకుని పరుగు తీసింది. బండి దీపస్తంభానికి కొట్టుకుంది. నొగ విరిగింది. మిరియం పడింది. పైకి లేచినా ముందరి ఎడమ కాలు ఆనించలేకపోయింది.

గురునాథరావుగారు మెల్లగా, తుపాకీ తెప్పిస్తానన్నారు. రష్యాలోనూ అంతేనని దొర తలూపాడు. మిలట్రీలోనూ అంతేనన్నాడు బావ, ఏడుస్తూ. ఇన్నాళ్ళూ ఒక్కదాని మీదా కుదరనివాళ్ళకి ఇప్పుడు అన్ని దేశాలూ ఒకటైపోయాయి. అదే దయట!

"నా ఎముక ఇరిగితే నన్నూ కాల్సేత్తారా?" అని అరిచాను. బీచి అంతా తిరిగి చూసింది.  గురునాథరావుగారు పోర్టు లారీ తెప్పించారు. దాన్ని ఇంటికి తెచ్చాను.

ఫిబ్రవరి 6

పశువుల డాక్టరు కట్టు వేశాడు. ఎముక చిట్లింది, విడిపోలేదు. నెల పైన ఆ కాలి మీద బరువు పడకూడదు, పడుకోనూ కూడదు, గుర్రం విషయంలో అది కుదిరే పని కాదు, అన్నాడు.

మధ్యాహ్నం బావ తన తమ్ముళ్ళతో పెద్ద వల మోసుకొచ్చాడు. నా మొహం చూడలేదు. గుర్రం సాలలో దూలానికి మోకులు వేసి, వలని మడతలు పెట్టి మిరియం కడుపు కింద నుంచి తెచ్చి లాగి కట్టాడు. పడవని ఒడ్డుకి లాగినట్టు హైలెస్సా అనుకున్నారు. దాని బరువు సగం వల మీదికి వెళ్ళింది. అది ఊపిరి వదిలింది. 

ఫిబ్రవరి 19

బావ రోజూ వస్తున్నాడు. ఒరుసుకోకుండా ముడులు సర్దుతాడు, వేప నూనె రాస్తాడు, దానితో అరబ్బు దేశం కబుర్లు చెబుతాడు. అతను వస్తే నేను బయటికి పోతాను.

ఈవేళ పోలేదు. దాని మెడ నిమురుతూ, "మిలట్రీలో ఇలాటివి శానా సూసినాను బావా, ఒక్కటీ బతకనేదు. ఇది జాతీ గీతీ నేనిది గాబట్టే బతుకుతాది" అన్నాడు. మంచికే అన్నాడేమో. నాకు కళ్ళు ఎర్రబడ్డాయి.

"జాతి మాటెత్తితే పళ్ళు రాలగొడతాను. గంతలు లాగినోడివి నువ్వే. ఎల్లు. మరి నా సాలలో అడుగెట్టకు" అన్నాను.

అతను ఒక ముడి బిగించి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 20

రాలేదు. మంచిదే.

మార్చి 4

రాలేదు. వల ఒక పక్కకి జారింది. సర్దబోతే ముడి ఊడి రాలేదు, అది జాలరి ముడి. గోళ్ళు విరిగాయి. కింద గోనెసంచులు కుక్కాను. దేముడమ్మ వాకిట్లోంచి, "తిట్టడానికొచ్చిన నోరు పిలవడానికి రాదేటి?" అంది. కంచం తోసేశాను.

మార్చి 24

డాక్టరు కట్టు కోశాడు. బండికి ఇక పనికిరాదు, నిలబడితే మాత్రం బతుకుతుంది అన్నాడు. మిరియం ఆ కాలు ఎత్తే ఉంచింది. సాయంత్రం దాకా అలాగే.

మార్చి 25, ఆదివారం

బావా, ఈ కాగితం చింపి దేముడమ్మ చేత పంపుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

పొద్దున్న అది కాలు కింద పెట్టింది. నాలుగూ నేల మీదే ఉన్నాయి. వల వదులై కడుపు కింద ఊగుతోంది, దానికి చిరాగ్గా ఉంది. నీ ముడులు నాకు రావు. కత్తితో కోసేయొచ్చు. కోయను.

నా కోపం తగ్గలేదు. ఉండనీ. నువ్వు రా.

వస్తావో రావో దేముడమ్మతో బేగి చెప్పి పంపు. అది నిలబడే ఉంది.