మెట్ల గోడ

ప్రియమైన తమ్ముడికి,

నీ కామెడీ సిరీస్ మూడో భాగం ఎడిటింగ్ పూర్తయింది. బకెట్ నీళ్ల కోసం టీచరమ్మా, టైలరు బాబాయీ మెట్ల మీద పోట్లాడుకునే సీను చూసి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. "నటులెవరూ వద్దు, నేను అద్దెకున్న మేడలోని వాళ్లతోనే తీస్తా" అన్న నీ పంతం నెగ్గింది.

ఒక్క విషయం. వాళ్ల వెనక మెట్ల గోడ మీద బీట ఉంది. మొదటి భాగంలో వెంట్రుకంత. ఇప్పుడు వేలు దూరేలా ఉంది. రెండు నెలల్లోనే ఇంతా? ఎవరైనా ఇంజనీరుకి చూపించరా.

నీ మేలు కోరే అక్క

అక్కా,

జనం నవ్వుతుంటే నువ్వు గోడలు చూస్తావేమిటి? ఇల్లుగలాయన్ని అడిగాను. "ముసలాళ్లకి ముడతలు రావా, దీనికీ అంతే" అన్నాడు. ఆ మాట ఆయన చేతే నాలుగో భాగంలో చెప్పించాను. డిస్కు దీంతోపాటే కొరియర్లో పంపుతున్నా. ఆరు భాగాలూ నెలాఖరుకల్లా ఇస్తే ఫెస్టివల్ వాళ్లు చూస్తామన్నారు. తొందరగా కానివ్వు.

ప్రేమతో, నీ తమ్ముడు

తమ్ముడూ,

నాలుగో భాగంలో బీట లేదు. గోడకి కొత్త రంగు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత సౌండ్ సరిచేస్తుంటే, బాబాయి మాట ఆపిన చోట గోడలోంచి చిటచిటమని వినిపించింది. నాలుగుసార్లు విన్నాను. మొదటి భాగంలో వేలితో తోస్తే మూసుకున్న తలుపుని టీచరమ్మ ఇప్పుడు భుజంతో నెడుతోంది. గోడ కుంగి తలుపు బిగుసుకుంటే నువ్వది కామెడీ అనుకున్నట్టున్నావు.

ఫోన్ చేస్తే షూటింగ్‌లో ఉన్నానని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నా. చదవగానే అందర్నీ బయటికి తీసుకురా.

అక్క

అక్కా,

మెట్ల గోడ కూలి పందొమ్మిది రోజులయింది. ఎడమ చేత్తో రాస్తున్నా, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

నీ ఉత్తరం అందింది. చదివాను కూడా. ఈ ఒక్క షాట్ అయ్యాక అందర్నీ దింపేద్దామనుకున్నా. "ఇందాక సరిగా రాలేదు నాయనా, ఇంకోసారి చేస్తా" అంటూ బాబాయి మళ్లీ మెట్లెక్కాడు. మిగతావాళ్లం వాకిట్లో ఉన్నాం కాబట్టి దెబ్బలతో బతికాం.

ఇల్లుగలాయన్ని పోలీసులు తీసుకెళ్లారు. పిన్ని, అదే బాబాయి భార్య, రోజూ ఆసుపత్రికొచ్చి నాకు తల దువ్వి వెళ్తోంది. ఆవిడకి తెలియదు. ఆ బీట పూడ్పించింది ఇల్లుగలాయన కాదు, నేను. షాట్‌కీ షాట్‌కీ గోడ కలవడం లేదని మేస్త్రీని పిలిచాను. "లోపల గుల్లయింది సార్, పైపూత ఆగదు" అన్నాడు. నెలాఖరు దాకా ఆగితే చాలన్నాను.

కెమెరా పరీక్షకని తీసిన ముక్కలో అదంతా ఉంది, మా మాటలతో సహా. నాలుగో భాగం డిస్కులో వేరే ఫోల్డర్, నువ్వు తెరిచి ఉండవు. అది పోలీసులకి పంపించు. పంపేముందు నన్ను అడగొద్దు. అడిగితే వద్దంటానేమో.

తమ్ముడు