ముప్పై శాతం దాటితే వెనక్కే

మార్చి 3
ఉదయం 10:20. కాలేజీకి కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ వచ్చింది! ఆర్మూర్‌లో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పే విజయశ్రీ అనే నేను తీర్మానిస్తున్నాను: ఫైనలియర్ ప్రాజెక్టులు నలభై మూడూ పిల్లలచేతే ఇందులో అప్‌లోడ్ చేయిస్తాను. వేరేచోటి నుంచి ఎత్తింది ముప్పై శాతం దాటితే వెనక్కే. ఏడుపులు వినను. పదకొండేళ్లుగా ఒకే పసుపు మార్కెట్ ప్రాజెక్టును అట్టలు మార్చి నా మొహాన కొడుతున్నారు.

మార్చి 5
మొదటి కట్ట. ఎనభై. డెబ్బై ఆరు. తొంభై ఒకటి! ఒకడు అవతలి కాలేజీ పేరు కూడా మార్చలేదు. వెనక్కి, వెనక్కి, వెనక్కి. ఎంత హాయిగా ఉందో!
యమునది పన్నెండు. పాస్. ముఖేష్‌ది నాలుగు. రత్నం! మూడేళ్లలో క్లాసులో నోరు విప్పనివాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించాను.
మోర్తాడ్ అమ్మాయి వర్షితది తొంభై నాలుగు. అట్ట మీద ఎర్ర ఇంకుతో 'దొంగతనం' అని రాశాను. ఏదో చెప్పబోయింది.
"మెషీన్ చెప్పినంక నువ్వేం చెప్తవు?" అన్నాను.

మార్చి 7
ముప్పై మరీ కఠినమేమో. యాభై చేశాను. అయినా ముప్పై ఒక్కరు దొరికారు. ప్రిన్సిపాల్ బాబురావు సార్ పిలిచారు.
"మేడం, గింతమందిని ఆపితె వచ్చే ఏడు మన కాలేజీల ఎవలు చేరుతరు? జర చూసీ చూడనట్టు పోండ్రి."
ఇదీ ఉన్నత విద్య! ఛీ.
డెబ్బై చేశాను. ఇది లొంగిపోవడం కాదు, సవరణ.

మార్చి 11
డెబ్బై ఐదు. తలనొప్పి.
సాయంత్రం 4:00. వర్షిత వచ్చింది.
"మేడం, మీరు నాది చదివిండ్రా?"
"చదివేదేముంది? శాతం చూసిన."
"ఫార్మాట్ చూస్తనంటె యమునకు నా ఫైలిచ్చిన. నాకంటె ముందుగాల గామె అప్‌లోడ్ చేసింది. ఎవలు ముందు పెడితె గాళ్లదే అనుకుంటది మీ మెషీను."
నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. పేజీల నిండా పసుపు వేలిముద్రలు. పన్నెండు మంది రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు. మొదటి నంబరుకు చేశాను. ముప్కాల్ రైతు లింబాద్రి ఎత్తాడు.
"గా పిల్లనా మేడం? మూడు దినాలు వచ్చింది. మేం పసుపు ఉడుకవెడుతుంటె పొగల కూసొని రాసుకున్నది. పాసయిందా?"
ఇంకా చదవలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మార్చి 12
సాఫ్ట్‌వేర్ తెరవలేదు. ముఖేష్ ఇంగ్లీషు ప్రాజెక్టు మొదటిసారి చదివాను. 'మార్కెట్ యార్డ్' ఉండాల్సిన చోటల్లా 'బజార్ త్రీ ఫీట్' అని ఉంది! పిలిచాను.
"గిదేందిరా, త్రీ ఫీట్?"
"యార్డంటె మూడు ఫీట్లే కద మేడం. మాటలు మార్చే యాప్ ఉంటది. గండ్ల ఏస్తె మీ మెషీన్‌కు దొరకది."
"సిగ్గు లేదా?"
"చప్పట్లు మీరే కొట్టిచ్చిండ్రు కద మేడం."
వాణ్ని ఏమనను? పదకొండేళ్లుగా నేను చదివింది అట్టలే.

మార్చి 13
ఉదయం క్లాసులో అందరి ముందు 'దొంగతనం' కొట్టేసి, కింద సంతకం పెట్టాను. "తప్పు నాది, వర్షితా." యమున తల ఎత్తలేదు. ఆమె, ముఖేష్ మళ్లీ రాయాలి.
వర్షిత ప్రాజెక్టు నా చేతికే తిరిగి ఇచ్చింది.
"జర చదువుండ్రి మేడం."
అంతే అంది.
కొత్త తీర్మానం: నలభై మూడూ చదువుతాను. మొదటి అక్షరం నుంచి చివరిదాకా. రోజుకు ఐదు!
మధ్యాహ్నం 2:00. వర్షితది పూర్తయింది. పసుపు ఉడికిందో లేదో వాసనతో కనిపెడతారట. ఈ ఊళ్లోనే పుట్టాను, నాకు తెలియదు.
2:10. రెండోది తెరిచాను. 'పరిచయం' పద్నాలుగు పేజీలు.
2:25. రెండో పేజీ. ఆవులింత. టీ తాగి వచ్చి కూర్చుంటాను. తప్పకుండా.