గుమాస్తాకు గుర్తులేని నెల

నేను, ఆనేకల్‌లో పట్టుచీరల మగ్గాలు నడిపే మునిస్వామిని, కీర్తిశేషులు నంజప్పగారి పెద్దకొడుకును, వయస్సు డెబ్బై రెండు. నా బుద్ధి స్థిరంగా ఉంది, కళ్లజోడు శుభ్రంగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రైటరు వెంకటేశ్ చేత టైపు చేయిస్తున్నాను. రేపు ఎవరైనా నాకు మతి చలించిందంటారేమోనని డాక్టరమ్మ రేణుకగారి సర్టిఫికెట్టు జతచేశాను. ఇంత హుషారుగా ఏ కాగితమూ నేనెప్పుడూ రాయించలేదు. ఇంతకుముందు రాసిన వీలునామాలు ఇందుమూలంగా రద్దు.

1. ఆనేకల్ ఇల్లు, నాలుగు మగ్గాలు నా కుమారుడు మోహన్‌కుమార్‌కు సర్వహక్కులతో చెందుతాయి. మూడో మగ్గం మొరాయిస్తే మెకానిక్కును పిలిచేముందు పట్టీ బిగించి చూడమని లక్షసార్లు చెప్పాను. ఇది లక్షా ఒకటోసారి.

2. ఎదురింటి మునీంద్ర ఏడేళ్ల కిందట పట్టుకుపోయిన నా నిచ్చెన ఇకపై ఆయనదే. గోడచాటున దాచుకోవలసిన పని లేదు.

3. నా భార్య, కీర్తిశేషురాలు అనసూయ కుంకుమభరిణె, నా ఫోను, ఫోనులోని గుమాస్తా నా మనవరాలు శ్రుతికి చెందుతాయి. గుమాస్తా అంటే రెండేళ్ల కిందట శ్రుతి మహదేవపుర నుంచి వచ్చి నా ఫోనులో పెట్టిన ఏఐ సహాయకుడు. పేరు నేను పెట్టాను. ఏ షాపుకు ఏ రంగు చీర పోవాలో, ఏ బంధువుకు చక్కెర జబ్బో, నేను చెప్పిందల్లా గుర్తుపెట్టుకుంటుంది. నా తరఫున మెసేజీలు కూడా పంపుతుంది.

4. దాని జ్ఞాపకాల్లో ఒకదానిమీద మూత ఉంది. ఈ మూత సంగతి తెలిసినప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు, దారినపోయేవాళ్లను ఆపి మరీ చెబుతున్నాను. జ్ఞాపకాన్ని చెరిపేయనక్కర్లేదు, కొన్నాళ్లు కప్పి ఉంచవచ్చు. కప్పినంతకాలం గుమాస్తా ఆ సంగతే ఎరగనట్టు పనిచేస్తుంది. గడువు తీరగానే మూత దానంతటదే లేస్తుంది, అంతా మళ్లీ గుర్తొస్తుంది. ఒక్కసారికి ఆరు నెలలకు మించి గడువు లేదు. ఈ వసతి మనుషులకు ఎందుకు లేదా అని నాకు కాస్త అసూయ కూడా.

5. మూత కింద ఉన్నది నా తమ్ముడు చిక్కమునియప్పతో నా తగాదా. పదహారేళ్ల కిందట సర్జాపురలో మోహన్ గృహప్రవేశం నాడు పేట వ్యాపారులను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, తోడబుట్టినవాణ్ని రెండో పంక్తిదాకా ఆగమన్నాను. రెండో పంక్తిలో ఆకు మీద నీళ్లు చల్లుకుని, నావైపొకసారి చూసి, వాడు లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి వాణ్ని తిట్టిన తిట్లన్నీ గుమాస్తాకు అప్పజెప్పాను. ఏ శుభకార్యానికీ వాణ్ని పిలవకూడదని హుకుం కూడా ఇచ్చాను.

6. మొన్న మేలో శ్రుతి నిశ్చితార్థం. పిలుపుల పనిమీద ఆ పిల్ల నా ఫోను పట్టుకుని కూర్చుంటుంది, తాత తిట్లు చెవిన పడకూడదని తగాదా మొత్తానికి నెల రోజుల మూత వేశాను. దాని కింద నా హుకుం కూడా ఉందని నాకు తట్టలేదు. గుమాస్తా బంధువుల జాబితా తీసి, పెద్దల వరసలో చిక్కమునియప్ప పేరు మొదట పెట్టి, నా పేరుతో మెసేజీ పంపేసింది: "తమ్ముడూ, పిల్ల నిశ్చితార్థం. నువ్వు ముందుండి జరిపించాల."

ఆ రోజు అందరికన్నా ముందు వాడే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అన్నా, నువ్వు పిలుస్తావని నాకు తెలుసు. పదహారేండ్లు కాచుకోనుండాను" అన్నాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. మొదటి పంక్తిలో కూర్చోబెట్టి నా చేత్తో వడ్డించాను. ఒబ్బట్లు మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు, అనసూయ మన్నించాలి.

7. హుకుం ఆ సాయంత్రమే రద్దు చేశాను. తిట్లు కూడా చెరిపేయమని మోహన్ అంటాడు. వీల్లేదు. ప్రతి తిట్టు పక్కనా అనసూయ నాకిచ్చిన జవాబు కూడా చెప్పి ఉన్నాను, ఒకటి లాగితే రెండోదీ తెగుతుంది. ఆసుపత్రి మంచం మీద ఆమె నా చెయ్యి పట్టుకుని, "మీరే పోయి పిలుచుకోని రాండి. చిన్నోడు మీకు గాక ఇంకెవురికి తమ్ముడు?" అన్నది. నేను పోలేదు. ఆ మాట నాతోపాటు కాలిపోకూడదు.

8. నెల తీరాక నేను పొడిగిస్తూ వచ్చిన ఆ మూత గడువు వచ్చే ఏప్రిల్ పద్నాలుగుతో తీరుతుంది. నేను లేకుంటే పొడిగించేవాళ్లుండరు. రేపు శ్రుతి పిల్లలు చిన్నతాత ఎలాంటివాడని అడిగితే గుమాస్తా నా తిట్లే వల్లిస్తుంది. కనుక ఆ మూతను పొడిగించే, తీసే, చెరిపే సర్వాధికారం చిక్కమునియప్పకే ఇస్తున్నాను. పాస్‌వర్డు సీలువేసిన కవరులో ఉంది. తెరిస్తే నన్ను తిట్టుకుంటాడు, తిట్టుకోనీ. చివరిదాకా చదివితే వాళ్ల వదిన మాట కనబడుతుంది.

9. మోహన్‌కుమార్, శ్రుతి ఈ వీలునామాకు అమలుదారులు.

10. ఈ ఒక్క క్లాజు నా చేతిరాత. తమ్ముడూ, ఆ మెసేజీ పంపింది నేను కాదు, గుమాస్తా. నీ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు చాలలేదు. నేను పోయాక పెట్టే వైకుంఠ సమారాధన భోజనాల నాడు మొదటి పంక్తిలో మొదటి ఆకు నీకు వెయ్యమని మోహన్‌ను ఆదేశిస్తున్నాను. తప్పకుండా వచ్చి కడుపునిండా తిను. ఈసారి పిలుస్తున్నది నేనే.

ఆనేకల్, 2025 నవంబరు 19

(సంతకం) ఎన్. మునిస్వామి

మునిస్వామిగారు మా ఎదుట, మేము ఆయన ఎదుట సంతకాలు చేశాము.
సాక్షులు:
1. డాక్టర్ రేణుక
2. వెంకటేశ్, రైటరు