చివర పడ్డదే నిలుస్తుంది

మార్చి 4, మంగళవారం
టిఫిన్ దగ్గర మళ్ళీ యుద్ధం. కొడుక్కీ కోడలికీ నోయిడాలో ఒకే ఆఫీసు. ఆసుపత్రి భోజనాలకి ప్రోగ్రామ్ రాస్తారు. పెర్ల్ అట, కంప్యూటరు భాష. రోగి అడిగినవీ, ఆసుపత్రి మామూలువీ కలిపి ఒకటే పట్టీ చెయ్యాలట, దాన్ని హ్యాష్ అంటారట. ముందు మామూలువి పోసి, వాటి మీద రోగి అడిగినవి పొయ్యాలి, ఒకే పేరుతో రెండొస్తే చివర పడ్డదే నిలుస్తుంది అంది కోడలు భానుశ్రీ. నాకు నేర్పకు, రోగి అడిగినవే ముందుంటాయి, మామూలువి తర్వాత అన్నాడు మా రవికిరణ్. మొగుణ్ణి ఇడ్లీ కూడా మింగనివ్వదు. దాని నోరు పడిపోను.

మార్చి 7
నిద్ర లేదు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో.

మార్చి 11
అనుకున్నంతా అయింది. మామూలు భోజనం చివర పడి, ఉప్పు వద్దన్న మాటని తినేసిందట. గుండెజబ్బు పెద్దాయన ఒకాయన కాళ్ళు వాచి ఐసీయూలో ఉన్నాడు. బతుకుతాడా? ఇద్దరిలో ఎవరో ఒకరి ఉద్యోగం పోతుందట. మనవరాలు ఇషితని అడిగితే, టెన్షన్ మత్ లో, కంగారు పడకు నానమ్మా అంటుంది.

మార్చి 13
బాల్కనీలో రవి ఫోను. భానుశ్రీయే అలా రాయమంది సార్, చెక్ చేసిందీ తనే అంటున్నాడు. అబద్ధం. ఆ రోజు టిఫిన్ దగ్గర చట్నీ వడ్డిస్తూ నేనక్కడే ఉన్నాను.
నోరు మూసుకున్నాను. పోతే దాని ఉద్యోగమే పోనీ. పొగరు దిగుతుంది.
అన్నం సయించలేదు.

మార్చి 15, సాయంత్రం
వాళ్ళ మేనేజరు త్యాగరాజు ఇంటికొచ్చాడు. కాకినాడాయన. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి అడిగాడు. రవి అదే పాట. నేను చెప్పిందాన్ని తిరగేశాడు అంది భానుశ్రీ. మీ ఇంట్లో మాటకి సాక్షి ఎవరమ్మా అన్నాడాయన. రవి నా వైపు చూడనైనా చూడలేదు. అంత ధీమా. ఒళ్ళు మండింది. టీ ట్రే కింద పెట్టి, రోగి మాట చివర పొయ్యమంది కోడలే, వినంది నా కొడుకు అన్నాను.
అమ్మా, పెర్ల్ గురించి నీకేం తెలుసు అని అరిచాడు. పెర్ల్ తెలీదురా, నువ్వు తెలుసు అన్నాను.

మార్చి 16
రవి నాతో మాట్లాడడు. పోనీ ఆవిడగారు మెచ్చుకుందా? మీరు చెప్పకపోయినా నెగ్గేదాన్నే అత్తయ్యా, ఇన్నాళ్ళకి నోరు తెరిచారు, థాంక్స్ అంది. ఆ థాంక్స్ చెంపదెబ్బలా తగిలింది.

మార్చి 18
ఆ పెద్దాయన గండం గడిచి ఇంటికెళ్ళాడట. రవిని తీసేశారు. పొద్దున్నే భానుశ్రీ ఆఫీసుకి, ఇషిత కాలేజీకి వెళ్ళిపోతారు.

మార్చి 19
రవి గది తలుపు కొట్టాను.
ఎవరది అన్నాడు.
ఇంట్లో ఇద్దరమే ఉన్నాం.