ఒక్క ‘క’

చిరంజీవి కోడలికి మామయ్య దీవెనలు. ఇక్కడ మనుషులం ఇద్దరం క్షేమం. నువ్వు లేక చిక్కిపోయానని నీ మొగుడు రాశాడట, నమ్మకు. నిన్న ప్యాంటు గుండీ పట్టక అరగంట కుస్తీ పట్టాడు. నీ ట్రైనింగు ఇంకా నాలుగు నెలలే కదా, ఇట్టే గడిచిపోతాయి.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవన్నీ చేశాం. పెరట్లో చేపల కొలను మీద వల కట్టాం. ఆకులు రోజుకు బుట్టెడు రాలుతున్నాయి. సందుల్లోంచి జారి అడుగున చేరినవి కుళ్లితే నీళ్లు పాడవుతాయన్నావని, పొడుగాటి కర్రకు జల్లెడ కట్టి తోడుతున్నాను. నీ మొగుడు గట్టు మీద నిలబడి “అటు నాన్నా, ఇటు నాన్నా” అని పెత్తనం చేస్తాడు. ఉచిత సలహాలకేం కరువు! పండిన కలువ ఆకులు కత్తిరించేశాను. అడుగున ఉన్న కాస్త వెచ్చదనం చెదరకుండా పంపును పైకి జరిపాం.

“పెద్దది బాగుందా మామయ్యా?” అని చివర్లో అడిగావు. ఆ ప్రశ్న దగ్గరే వారం రోజులుగా కలం ఆగిపోతోంది.

పెద్దది లేదమ్మా. పోయి ఇరవై రోజులైంది. పోయిన రెండు ఉత్తరాల్లో ‘ఏడూ బాగున్నాయి’ అని రాసింది పచ్చి అబద్ధం.

మీ నాన్న పోయాక ఆ ఇంటి నుంచి నువ్వు అడిగి తెచ్చుకున్నది ఆ ఒక్క చేపనే. బకెట్టు ఒళ్లో పెట్టుకుని, చీరంతా తడుపుకుని బస్సు దిగావు. అన్నీ తెలిసే నేను ఈ పని చేశాను.

వెళ్తూ వెళ్తూ వంటింటి తలుపుకు కాగితం అంటించావు కదా, ‘చలి ముదిరాక మేత ఆపండి’ అని. కళ్లజోడు లేక తప్పు చదివానని నీ మొగుడికి చెప్పాను. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, నేను తప్పు చదవడమేమిటి? సరిగ్గానే చదివాను. నోరులేని జీవాలను చలిలో పస్తులుంచమని మా కోడలు రాస్తుందా, తొందరలో ఒక అక్షరం వదిలేసి ఉంటుంది అనుకున్నాను. ఎర్ర పెన్ను తీసి ‘ప’ పక్కన ‘క’ చేర్చాను. ‘ఆపకండి’ అయింది. చదువుకుని తృప్తిపడ్డాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పూటకో గుప్పెడు వేశాను. మిగతావి అడుగునే ఉండిపోయేవి. పెద్దది మాత్రం నా అడుగుల చప్పుడు విని పైకి వచ్చి తినేది. అది చూసి మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. చేపల దుకాణం ఆయన్ను పరుగున పిలుచుకొచ్చాను.

“చలి నీళ్లలో చేపకి తిండి అరగదండీ. మీరు ముద్దుకొద్దీ పెట్టారు, అది లోపలే పాడైంది. మీకెవరూ చెప్పలేదా?” అన్నాడు.

“చెప్పిందండీ, మా కోడలు రాసి మరీ పెట్టింది,” అన్నాను.

“మరి?”

మధ్యాహ్నానికి అది పోయింది. గులాబీ మొక్క పక్కన నా చేతులతోనే గుంట తీసి పెట్టాను. ఆ రోజు నుంచి మేత వేయడం లేదు. మిగతా ఆరూ బాగున్నాయి. ఇది నిజం, కావాలంటే నీ మొగుణ్ణి అడుగు. వాడికి నిన్ననే అసలు సంగతి చెప్పాను. “తనకి నువ్వే రాయి నాన్నా,” అన్నాడు.

నువ్వు మంచిదానివి. ‘పర్లేదు మామయ్యా, మీరు కావాలని చేశారా’ అని రాసి, అక్కడ ఒక్కదానివీ కూర్చుని ఏడుస్తావు. అలా చేయకు తల్లీ. మీ నాన్న చేపను పోగొట్టినవాణ్ణి ఎంత తిట్టాలనిపిస్తే అంతా తిట్టు. పేజీలు నింపి రాయి. ఒక్క అక్షరం కూడా దిద్దకుండా చదువుకుంటాను.

ఇట్లు,
క్షమించమని అడగడానికి మొహం చెల్లని
మీ మామయ్య