ఇంజను లేనోళ్ళ ఇల్లు

షార్జా, అల్ నహ్దా
అక్టోబర్ 2024

జేజికి తస్లీమా సలాం.

నువ్వు బాగుంటావు, నాకు తెలుసు. నేనే బాగలేను. నా ఫోన్ నాన్న రోజూ చూస్తాడు, అందుకే ఇది ఇక్కడికీ మన ఊరికీ సామాన్లు చేరవేసే కార్గో ఇనాయతుల్లా చిన్నాయన చేతికి ఇస్తున్నా. చదివి చింపెయ్.

రెండో ప్రపంచ యుద్ధానికి పోయినవాళ్ళను తల్చుకోవాలని స్కూల్లో ప్రోగ్రాం పెట్టినారు. కాత్యాయని వాళ్ళ ముత్తాత ఫోటో తెచ్చింది. మీసం, మూడు మెడల్స్, ఆ పిల్ల బిల్డప్ వేరే. "మీవాళ్ళు అప్పుడేం చేస్తుండిరి, బర్రెలు కాస్తుండిరా?" అనింది. నా నోరు ఆగలేదు. "మా ముత్తాత ఇంజను లేని విమానంలో బర్మా అడవిలో దిగినాడు" అనేసినా. క్లాసంతా నవ్వింది. మా మిస్ నవ్వలేదు, అదే నా భయం. "గ్లైడర్ సైనికుడా! స్టేజ్ మీద నువ్వే మాట్లాడాలి" అనింది.

జేజీ, అది నిజమా, కోతలా? కోతలైతే నేను స్కూల్ మారాల్సిందే.

వణుకుతూ,
తస్లీమా

తా.క. నాన్నకు చెప్పొద్దు. మన ఇంటిని ఊరోళ్ళు పిలిచే పేరు వింటే ఆయనకు బీపీ.


రాయచోటి దగ్గర, మన ఊరు

తస్లీమాకు జేజి హుస్సేనమ్మ దువా.

నీ తెలుగు చదివేసరికి నా కళ్ళద్దాలు మార్చాల్సొచ్చింది. అంతంత ఫీజులు కట్టించుకుని ఇదా నేర్పేది?

మా మామ హయాత్ బాషా యుద్ధంలో కంచర గాడిదలకు మేత వేసినాడు. అంతే. తిరిగొచ్చి ఏం చెప్పినాడు? ఇంకో విమానం వెనక తాడేసి కట్టినారంట, ఆయన్నీ గాడిదనీ ఆకాశంలో ఈడ్చుకుపోయినారంట, చీకట్లో అడవిలో వదిలేసినారంట. అరుగు మీదోళ్ళంతా నవ్వినారు. గాడిద కూడా నవ్వే ఉంటుంది. ఆ పొద్దు నుంచి మనది "ఇంజను లేనోళ్ళ ఇల్లు" అయింది. నేను పెళ్ళికూతురుగా వచ్చిన దినం మన వీధి పిల్లోళ్ళు "ఇంజను లేనోళ్ళ కోడలు" అని వెంటబడినారు. మీ నాయన దుబాయ్ పారిపోయింది సంపాదనకనుకున్నావా?

స్టేజ్ ఎక్కి ఆ కత చెప్పినావో, మీ నాయనకు ఫోన్ చేస్తా.

ఇట్లు,
కోపంలో ఉండే జేజి

తా.క. అంత యుద్ధంలో ఆయన తెచ్చింది ఒక తాడు ముక్క. మా ఇంజను లేని విమానానికి కట్టిన తాడు ఇదే అనేవాడు. తెల్లగా, పట్టు మాదిరి. దాంతోనే బర్రెను కట్టేస్తాము. బర్రెలు చచ్చిపోయినాయి గానీ అది చావలేదు.


అల్ నహ్దా

జేజికి సలాం.

స్టేజ్ సంగతి మర్చిపో. నాకు ఆ తాడు కావాలి. అర్జెంట్. ఎందుకని అడగొద్దు, చెప్తే నువ్వు అరుస్తావు. ఎంత పొడుగుంటుంది? మనిషి బరువు ఆగుతుందా? పైనుంచి కిందికి వదలాలి. వచ్చే నెల రెండో గురువారం లోపల రాకపోతే నా పని ఖలాస్.

రహస్యంగా,
తస్లీమా

తా.క. నేను పైనుంచి వదిలితే కింద అయూబ్ పట్టుకుంటాడు. వాడు చాలా మంచోడు.


మన ఊరు

ఒసేయ్ తస్లీమా,

దువా గివా ఏమీ లేదు. ఏడో అంతస్తు కిటికీలోంచి తాడు పట్టుకుని దిగిపోతావా? కింద అయూబ్ పట్టుకుంటాడా? యాడోడే వాడు? ఏం చేస్తాడు? పదో తరగతన్నా పాసయినాడా?

తాడు లేదు, గీడు లేదు. మీ నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పినా. వాడు ఉన్నచోటే కూలబడినాడంట. నీకు ఊరగాయ కార్టన్ పంపుతాన్నా, తిని బుద్ధి తెచ్చుకో.

హుస్సేనమ్మ

తా.క. కార్టన్ కట్టనీకి తాడు లేదంటే, దొడ్లో ఏదన్నా చూసుకోరా అని ఇనాయతుల్లాకు చెప్పినా. వాడట్ల పోయినాడో లేదో, మన బర్రె వీధిలోకి పోయి షేక్ సాబ్ ఇంటి గోంగూర మేస్తాంది. తాడు తెంచుకునే రకం కాదే అది!


అల్ నహ్దా
నవంబర్

జేజికి వెయ్యి సలాములు.

నీ ఫోన్ పుణ్యమా అని కిటికీలన్నిటికీ తాళాలు. అమ్మ నా కాలికి తన చున్నీ కట్టుకుని పడుకుంటోంది. అయూబ్ మా స్టేజ్ డెకరేషన్ టీం, అంతే. తాడు అడిగింది స్టేజ్ పైనుంచి దించి చూపించనీకే, మనిషి బరువు అడిగింది అది నిజంగా విమానం తాడో కాదో తెల్సుకోనీకే. నాన్న వాళ్ళింటికి పోయి అరిచొచ్చినాడు. పాపం, వాడు నన్ను చూస్తే ఇప్పుడు లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్నాడు.

తాడు వచ్చింది జేజీ! నీ కార్టన్ చుట్టూ అదే! నాన్న కత్తి పెట్టబోతే కార్టన్ మీద పడి ఏడ్చేసినా. అప్పుడు అంతా చెప్పేసినా. ఆ విమానాలు నిజం, మా మిస్ పుస్తకంలో చూపించింది. ఇంజను లేదు, పారాచూట్ లేదు. తాడు వదిలినాక వెనక్కి రావడం అనేదే లేదు. నడిపిన పైలట్ కూడా దిగినాక తుపాకీ పట్టుకుని మిగతావాళ్ళతో కొట్లాడాల్సిందే. బర్మాకు పోయేటప్పుడు ఎన్నో తాళ్ళు దార్లోనే తెగిపోయినాయంట, ఎందరో అట్లనే పోయినారంట. కంచర గాడిదల్ని కూడా ఎక్కించినారు. తాడు నైలాన్‌ది. అప్పట్లో మన ఊర్లో అట్లాంటి తాడు ఎవరి దొడ్లో ఉండింది?

నాన్న కత్తి పక్కన పెట్టి, ఆ తాడు ముడులు ఒక్కొక్కటే చేత్తో విప్పి ఒళ్ళో చుట్టుకున్నాడు.

గురువారం స్టేజ్ ఎక్కినా. పైనుంచి తాడు వదిలితే కాత్యాయని ముక్కు మూసుకుని, "ఛీ, పేడ వాసన" అనింది. హాలంతా నవ్వు. నేను తాడును వెనక్కి లాక్కోబోయినా. అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు, "మాది ఇంజను లేనోళ్ళ ఇల్లు! తిరిగిరాని వాళ్ళ కోసం లేచి నిలబడండి!" అని. మా నాన్నే! అందరూ లేచినారు. కాత్యాయని చివర్లో లేచింది, కాళ్ళు నొప్పంట.

ధైర్యంగా,
తస్లీమా

తా.క. ఊరగాయ పగిలి తాడుకు కొంచెం నూనె అంటింది. అది కూడా చరిత్రే అనింది మిస్.


మన ఊరు

తస్లీమాకు జేజి దువా.

ఖబరస్తాన్‌కు పోయి మా మామకు చెప్పొచ్చినా. "నువ్వు చెప్పింది నిజమేనంట. నేను పళ్ళెం పెడతా ఎక్కిరించినప్పుడు ఒక్కసారన్నా గట్టిగా తిట్టకపోతివి" అని ఆయన్నే తిట్టినా. అన్నం తినేసి పళ్ళెం తనే కడిగి పెట్టేవాడు, మహానుభావుడు. ఇంటికొచ్చి ఏడ్చినాలే, ఎవరికీ చెప్పొద్దు.

పెయింటర్‌ను పిలిచి మన గోడ మీద "ఇంజను లేనోళ్ళ ఇల్లు" అని ఎర్రంగా రాయించినా. నవ్వినోళ్ళను నిలబెట్టి అడుగుతాన్నా, ఇంజనుంటే ఎవడన్నా పోతాడు, అది లేకుండా పోండి చూద్దాం అని.

ఇట్లు,
ఇంజను లేనోళ్ళ కోడలు హుస్సేనమ్మ

తా.క. మీ నాయన గోడ చూడనీకి వస్తాడంట, విమానం టికెట్ తీసుకున్నాడంట. ఇంజనుండే దాంట్లోనేనా? పిరికోడు.