మేడ మీది స్విచ్చు

మంగళవారం, 12వ తేదీ

మావయ్యకు నీ మేనకోడలి నమస్కారాలు. క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను, అత్తయ్యకూ అలాగే చెప్పు. నువ్వు మాత్రం నమ్మకు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. లైన్‌మన్ కుడి అరచెయ్యి కమిలి నల్లబడింది. రెండు వేళ్లు తీసేయాలంటున్నారు. ఇక ఇంట్లో గిన్నెలు తోమమని ఎవరూ అడగరులే అని నవ్వబోయాడు. పక్కనున్న భార్య నవ్వలేదు. తరవాత గొంతు తగ్గించి ఒకే మాట అన్నాడు: "వీధి ఫీజు పీకి జేబులో వేసుకున్నాకే స్తంభం ఎక్కానమ్మా. తీగలో కరెంటు ఎక్కడిది?"

ఎక్కడిదో నీకు తెలుసు. వీధిలో కరెంటు పోగానే మేడ మీది సోలారు కరెంటు బయటి తీగలోకి పోకుండా ఆపే స్విచ్చు ఉండి తీరాలని మా విద్యుత్ నియంత్రణ మండలి నియమం. అది ఉంటే కరెంటు పోయినప్పుడల్లా నీ ఐసు ఫ్యాక్టరీ మిషనూ ఆగుతుంది, దిమ్మలు కరుగుతాయి. అందుకని నువ్వు పెట్టించనేలేదు. ప్రమాదం జరిగిన మర్నాడు తెచ్చి బిగించావు. నిన్న సాయంత్రం నీ మేడ ఎక్కి చూశాను. చుట్టూ సోలారు పలకల మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము, స్విచ్చు మాత్రం అద్దంలా మెరుస్తోంది.

తీగను పరీక్షించకుండా ముట్టుకోవడం అతని నిర్లక్ష్యమేనని కరెంటు కంపెనీ వాదన. ఎల్లుండి గురువారం విచారణలో అదే ఖాయమైతే అతనికి పరిహారం లేదు, ఉద్యోగమూ లేదు.

నువ్వేమో స్విచ్చు మొదటినుంచీ ఉందని నన్ను చెప్పమంటావు. కుదరదంటే, "ఏమే కందిరీగా, నాలుగక్షరాలు రాగానే మేనమామనే కుడతావా?" అన్నావు. నీ భుజాలెక్కి పెరిగినదాన్ని మావయ్యా, ఆ మాట ఫోను పెట్టేశాక కూడా చెవిలోంచి పోలేదు. అయినా అడుగుతున్నాను. నీ అంతట నువ్వే వచ్చి ఒప్పుకో.

ఇట్లు,
నీ కందిరీగ

తా.క.: కవరు అంటించబోతూ పైదంతా చదువుకున్నాను. తప్పంతా నీ నెత్తినే రుద్ది ఎంత నీతిగా రాశానో! కనెక్షను ఇచ్చే ముందు తనిఖీకి వచ్చింది నేనే కదా. నిచ్చెన జారుతుందన్నావు. మావయ్యేగా అనుకుని, కింద నీ కుర్చీలో కాఫీ తాగుతూ 'స్విచ్చు ఉంది' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు మేడ ఎక్కనేలేదు. లైన్‌మన్ మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా నోరు పెగల్లేదు. ఇందాకే ఆ సంగతి కాగితం మీద పెట్టి మా పై అధికారికిచ్చి వచ్చి, ఈ ముక్కలు చేరుస్తున్నాను. ఆయన చదివి, గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి వెళ్లమన్నారు. గురువారం మొదట పిలిచేది నన్నే. నువ్వు రాకపోయినా చెబుతాను.